ఎవరి ఎడమ?

"ఎడమకి తిప్పు," అంది మెర్లా నాలుగోసారి.

"తిప్పాను తల్లీ, తిప్పాను. ఇంకెంత తిప్పమంటావ్, ఊడి చేతికొచ్చేదాకానా?" అన్నాడు ఎల్డన్ బండి లోపల్నుంచి.

పైకప్పు జానెడు కోసి కిందికి దించిన బండి అది. లోపల కూర్చున్నవాడి టోపీ అంచూ గడ్డమూ తప్ప బయటివాళ్ళకి ఏమీ కనిపించవు. లోపలివాడికి బయటిది అంతకంటే తక్కువ కనిపిస్తుంది. ఎదురుగా ఇంజను, దాని మీద పొగగొట్టాలు, వాటికి అవతల ఎక్కడో ముందు ఇరుసు. చక్రాలింకా రాలేదు, టైర్లు ఎక్కించడానికి పట్నంలో ఇచ్చారు. నాలుగు ఇనప స్టాండ్ల మీద గాలిలో నిలబడ్డ బండికి ముందు వైపు బ్రేకు డ్రమ్ములు మాత్రమే బోసిగా కనిపిస్తున్నాయి. మెర్లా సిమెంటు నేల మీద గొంతుక్కూర్చుని వాటికేసి చూస్తోంది. ఎల్డన్ స్టీరింగు ఎడమకి తిప్పినప్పుడల్లా అవి కుడికి తిరుగుతున్నాయి.

ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు ఎల్డన్ నవ్వాడు. రెండోసారి చెప్పినప్పుడు, బళ్ళో పిల్లకి చెప్పినట్టు నిదానంగా, నువ్వు బండికి ఎదురుగా కూర్చున్నావు కాబట్టి నీ ఎడమ నా కుడి, నా ఎడమ నీ కుడి అని వివరించాడు. మూడోసారి ఆమె లేచి బండి వెనక్కి వెళ్ళి, అతని ముఖం ఎటుందో తన ముఖమూ అటే పెట్టి నిలబడి చెప్పింది. వెనక నిలబడితే నీకు ఇరుసు కనపడదు కదా, మరెలా చెప్తున్నావ్ అన్నాడు.

మెర్లాకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! సహకార సంఘం ధాన్యం గిడ్డంగి పక్కనున్న షెడ్డులో ఇరవయ్యారేళ్ళుగా లారీల ముందు చక్రాలు సరిచేసే పని ఆమెది. లారీ ఒక పక్కకి లాగుతోందంటే చుట్టుపక్కల మూడు కౌంటీల డ్రైవర్లు ఆమెనే వెతుక్కుంటూ వస్తారు. అలాంటి మనిషికి, ఆమె ఇంటి వెనక షెడ్డులోనే, ఎడమేదో కుడేదో పాఠం చెప్తున్నాడు పొలాలకి నీటి పైపులమ్ముకునే మనిషి.

ఆమె మొగుడు లోవెల్ మధ్యలో చేతిదీపం పట్టుకుని నిలబడ్డాడు. ఎల్డన్ అతనికి అన్న. "నువ్వు చెప్పు లోవెల్. నీ కళ్ళతో చూస్తున్నావుగా," అంది మెర్లా.

లోవెల్ డ్రమ్ములకేసి చూశాడు, అన్న టోపీకేసి చూశాడు, పెళ్ళాం ముఖంకేసి చూశాడు. "కదులుతున్నాయి," అన్నాడు.

"కదులుతున్నాయని నాకూ తెలుసు. ఎటు?"

"దీపం బాగా వేడెక్కింది. కాసేపు ఆర్పితే మంచిది," అని స్విచ్చి నొక్కాడు.

ఇక ఏం మాట్లాడుతుంది? బండి కిందికి దూరి ఆమె తనే చూసుకుంది. చూడగానే తెలిసిపోయింది. ఎల్డన్ ఆ స్టీరింగు బాక్సుని తుక్కు దుకాణంలో పడి ఉన్న ఏదో చిన్న కారులోంచి పీక్కొచ్చాడు. ఆ కారులో చక్రాలను తిప్పే ఇనప చేతులు ఇరుసుకి ముందున్నాయి, అందుకని బాక్సు కింద వేలాడే చెయ్యి కూడా ముందుకే చూసేది. వీళ్ళ బండి ఇరుసు పాతకాలంది, దాని చేతులు వెనక్కి ఉన్నాయి. ఎల్డన్ బాక్సుని ఉన్నదున్నట్టు తెచ్చి, ముందుకి చూస్తున్న చేతితోనే చట్రానికి వెల్డింగుతో అతికేశాడు. పనిలో చేరిన మొదటి నెలలో ఎవరైనా చేసే పొరపాటే అది, సరిచేసుకుంటే సరిపోయేది. కానీ ఆ మనిషి తను పొరబడ్డానని ఒప్పుకుంటే కదా సరిచేయడం.

ఆమె బండి కిందనుంచి ఇదంతా చెప్పింది. పైనుంచి ఎల్డన్, "ఇది రాట్ రాడ్ మెర్లా, ఆసుపత్రి బండి కాదు. కాస్త అటూ ఇటూ ఉంటేనే అందం," అన్నాడు. ఆ మాట అతనికి ఊతపదం. తుప్పు గీకలేదేమంటే రాట్ రాడ్, అలాగే ఉండాలి. తలుపు పట్టదేమంటే రాట్ రాడ్, అలాగే ఉండాలి. తుక్కు సామానుతో ఇంట్లో కట్టుకున్న బండి కాబట్టి తుప్పు ఉండొచ్చు, నిజమే. ఎడమకి తిప్పితే కుడికి పోవడం కూడా అందమేనా అని అడగాలనిపించి, ఎందుకొచ్చిన గొడవలే అని నోరు మూసుకుంది.

కానీ గొడవ బండి అందం గురించి కాదు. ఆ బండి బాడీ ఆమె నాన్న కారుది. వరదొచ్చి వాగు పొలాన్ని కోసుకుపోతున్న ఏడాది, ఆ చుట్టుపక్కల రైతులందరూ చేసినట్టే, ఆయనా తన పాత సెడాను కారుని ట్రాక్టరుతో తోసి ఒడ్డుకి అడ్డుగా పాతేశాడు. అప్పటికి మెర్లాకి ఏడేళ్ళు. అంతకు ముందు రెండు వేసవులు ఆ కారులో కూర్చుని, ఉన్నచోటునే స్టీరింగు తిప్పుతూ ఊళ్ళన్నీ తిరిగొచ్చిన పిల్ల. నిరుడు మంచు కరిగాక ఒడ్డు విరిగి కారు మళ్ళీ బయటపడ్డప్పుడు, గొలుసులు కట్టి లాగుతుండగానే లోవెల్‌తో చెప్పింది, మొదట నేనే నడుపుతాను అని. అలాగే అన్నాడు లోవెల్.

ఇప్పుడది అంత తేలిక కాదు. ఏటా జూన్ మూడో శనివారం కౌంటీ సంత మైదానంలో ఇంట్లో కట్టిన బళ్ళన్నీ చేరతాయి. ఓర్విల్ అనే పెద్దాయన ఒక్కో బండీ కిందికి దూరి చూస్తాడు. నచ్చితే నల్లట్ట రిజిస్టరు తెరిచి, స్టీరింగు ఎవరు బిగించారు అని అడుగుతాడు. బిగించినవాళ్ళే సంతకం పెట్టాలి, మైదానం చుట్టూ మొదటి చుట్టు వాళ్ళే నడపాలి. ఆ చుట్టులో పక్క సీటు మామూలుగా ఖాళీగానే ఉంటుంది. మూడేళ్ళ కిందట ఒకతను సంతకం పెట్టి మలుపులో స్టీరింగు బిగుసుకుపోయి గడ్డి మోపుల్లోకి దూసుకెళ్ళాడు. దెబ్బలు తగల్లేదు గానీ, ఇప్పటికీ ప్రతి ఏడూ అతని పేరు మైకులో చదివి నవ్వుకుంటారు. మెర్లా సోమవారం పన్నుంచి తిరిగొచ్చేసరికి ఎల్డన్ స్టీరింగు అతికేసి ఉంచాడు. నీకు శ్రమ తగ్గించానన్నాడు.

మర్నాడు, బుధవారం, ఆమె మర్చిపోయిన భోజనం డబ్బా కోసం మధ్యాహ్నం ఇంటికొచ్చింది. షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. లోపల కుడి డ్రమ్ముకి ఎర్ర జెండా పుల్ల ఒకటి టేపుతో అంటించి ఉంది. నీటి పైపులు ఎక్కడ పాతారో గుర్తుకి పొలంలో గుచ్చే పుల్ల అది, ఇంజను ముందుకి మూరెడు పొడుచుకొచ్చింది. సీట్లో కూర్చున్నవాడికి కూడా అది ఎటు తిరుగుతుందో కనపడుతుంది. చూడగానే మెర్లాకి ప్రాణం లేచొచ్చింది. లోవెల్ పనే ఇది. నిన్న నోరు విప్పకపోయినా పొద్దున్నే లేచి ఆమె మాట నిజమో కాదో చూసుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి అతని గొంతు వినపడింది.

"నాకే ఎందుకో అనుమానం వచ్చిందన్నా. పొద్దున పుల్ల కట్టి చూశాను. తిరగబడే ఉంది."

"ఏదీ?" అన్నాడు ఎల్డన్. స్టీరింగు కిర్రుమంది, ఎర్ర జెండా అటు ఊగింది, ఇటు ఊగింది. "ఛ, అవునురా. చెయ్యి ముందుకుంది కదా. నిన్ననే చెప్పొచ్చుగా మరి, ఇంతసేపు కొట్టుకున్నాం."

అంతే. ముందురోజు ఆమె గంటసేపు గొంతు పగిలేలా చెప్పినా ఎక్కని ముక్క, అర నిమిషంలో ఎక్కింది. మెర్లా తలుపు దగ్గరే నిలబడింది. లోవెల్ తలెత్తి ఆమెను చూశాడు. ఎల్డన్‌కి ఇటు వీపుంది. లోవెల్ ఒక్క మాట అంటే సరిపోయేది. చేతిలో రెంచీని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అది అంతకుముందే శుభ్రంగా ఉంది.

సాయంత్రం వంటింట్లో సంజాయిషీ ఇచ్చాడు. అన్న సంగతి నీకు తెలియందేముంది, నువ్వు చెప్పావంటే ఇంకో వారం మొండికేసుక్కూచునేవాడు, నేను చెప్తే వెంటనే విన్నాడు, మనక్కావలసింది పని జరగడమేగా అన్నాడు. బీన్సూ మాంసమూ ఉడికించిన చిల్లీ, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టుకుని, అదేదో తెలివైన పని చేసినట్టు తింటున్నాడు.

"జరిగిందా పని?" అంది మెర్లా.

"అన్న రేపు చేస్తానన్నాడు."

ఎల్డన్ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. గురువారం ఆమె పన్నుంచి వచ్చేసరికి చక్రాలొచ్చాయి, బండి నేల మీద నిలబడింది, స్టీరింగు ఎడమకి తిప్పితే ఎడమకే తిరుగుతోంది. ఎల్డన్ ఆమెకి తిప్పి చూపించాడు కూడా. "ఇప్పుడు ఏ ఎడమ కావాలంటే ఆ ఎడమ," అన్నాడు. నాన్న ట్రాక్టరు స్టీరింగు చక్రం, అమ్మ వంటింటి చేతిపంపు పిడితో చేసిన గేరు కడ్డీ, వెనక పెట్రోలు టాంకుగా పాత మీగడ క్యాను. నిజం చెప్పొద్దూ, బండి ఎంత ముద్దుగా ఉందో! మెర్లాకి ఒక్క క్షణం కోపమంతా పోయింది. తర్వాత మోకాళ్ళ మీద వంగి కింద చూసింది.

స్టీరింగు బాక్సు చేతిని వెనక్కి తిప్పేసరికి అది ఇంజను అడుగున నూనె తొట్టికి తగిలినట్టుంది. తగలకుండా ఉండడానికి ఎల్డన్ దాన్ని మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచేశాడు. వంపు దగ్గర ఇనుము నీలంగా మారి ఉంది. అంతటితో ఆగాడా? ఆ చేతినీ చక్రాలనీ కలిపే లింకు కడ్డీ కొసన నట్టు ఊడిపోకుండా పెట్టాల్సిన స్ప్లిట్ పిన్ను చిల్లులో కంచెకి కొట్టే మేకు దూర్చి వంచాడు.

"మేకు," అంది మెర్లా.

"గట్టిదే. రాట్ రాడ్..."

"అలాగే ఉండాలి. తెలుసు."

మెర్లా ఇంట్లోకి వెళ్ళి గిడ్డంగి మేనేజరుకి ఫోను చేసి రేపు రానని చెప్పింది. ఆరేళ్ళలో ఆమె సెలవడగడం అదే మొదలు కాబట్టి ఒంట్లో బాగాలేదా అని అతను కంగారు పడ్డాడు. ఒళ్ళు బాగానే ఉందనీ, బుర్రే వేడెక్కిందనీ చెప్పింది.

శుక్రవారం పొద్దున ఏడింటికే గ్రైండరు పట్టుకుంది. ఎల్డన్ అతికిన పలకను చట్రం మీదనుంచి కోసి, అతుకు ఆనవాలు లేకుండా అరగదీసింది. బాక్సుని నాలుగు వేళ్ళంత ముందుకి జరిపితే చెయ్యి నూనె తొట్టికి అందనంత దూరంలో ఆడుతుంది, దాన్ని కాల్చి వంచాల్సిన అవసరమే లేదు. అంత చిన్న సంగతి. సరుకులు చేరవేసే ఒక పాత వ్యాను నిరుడు గిడ్డంగి వెనక తుక్కుకింద పోయినప్పుడు ఆమె దాని స్టీరింగు చెయ్యి విప్పి దాచుకుంది. దాన్ని తెచ్చి, కిరోసిన్‌తో కడిగి, పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని సుద్దపొడి రాసి వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పగుళ్ళు లేవు. మందపాటి పలక కోసి, మూలకి ఆసరా ముక్క పెట్టి, ముందు చుక్కలుగా అతికి, కొలిచి, అప్పుడు పూర్తిగా అతికింది.

లోవెల్ తొమ్మిదింటికి వచ్చాడు. చేతిదీపం తనే తీసుకుని, ఆమె అడక్కుండానే ఎక్కడ కావాలో అక్కడ పట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాపితే పదమూడో నంబరు రెంచీ అడగకుండానే అందించాడు. అంత బాగా తెలిసిన మనిషి ఒక్క మాట దగ్గర అలా ఎందుకు చచ్చుబడిపోయాడో ఆమెకి అర్థం కాలేదు. అడిగి ఆ రోజు పాడుచేసుకోవడమూ ఇష్టం లేకపోయింది. నట్టు బిగించి, కొత్త పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ శ్రావణంతో విడదీసి ఒకటి పైకీ ఒకటి కిందికీ వంచింది.

"మెర్లా," అన్నాడు లోవెల్ పైనుంచి.

"ఊఁ."

దీపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "దీపం ఇటు జరపనా?" అన్నాడు చివరికి.

"జరుపు," అంది. ఏడుపొచ్చినంత విసుగొచ్చింది ఆమెకి.

సాయంత్రం ఎల్డన్ వచ్చి, వంగి చూసి, మనం అనుకున్నట్టే కుదిరిందే అన్నాడు. "మనం" అన్న ఆ మాటకి మెర్లా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

శనివారం సంత మైదానంలో నలభై బళ్ళ దాకా చేరాయి. ఎల్డన్ పొద్దున్నుంచి బండికి చేరగిలబడి, వచ్చినవాళ్ళందరికీ వాగు ఒడ్డు కథ చెప్తున్నాడు. కథలో మెర్లా నాన్న ఉన్నాడు, ట్రాక్టరు ఉంది, స్టీరింగు ఎలా తిరగబడిందీ అన్నదమ్ములిద్దరూ ఎలా కనిపెట్టిందీ ఉంది. ఒకావిడ మెర్లాని చూసి, మీ ఆయన అదృష్టవంతుడు, ఈ ఇనప పిచ్చిని మీరు ఓపిగ్గా భరిస్తున్నారు అంది. మెర్లా నవ్వి ఊరుకుంది. ఇంకేం చేస్తుంది, రెంచీ తీసి చూపిస్తుందా?

పదకొండింటికి ఓర్విల్ వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరాడు. బయటికి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. లింకుని పట్టుకుని ఊపాడు, నట్లని ఒక్కొక్కటీ తడిమాడు, లోపల ఎవరైనా స్టీరింగు తిప్పండి అన్నాడు. చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుని, "ఈ పిన్నుల్ని ఇలా వంచేవాళ్ళు ఈ మైదానంలో ఇంకెవరూ లేరు," అన్నాడు. రిజిస్టరు తెరిచి బండి పేరు రాశాడు. కలం మూత తీసి ముగ్గురికేసీ చూశాడు. "స్టీరింగు ఎవరిది?"

ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు. అతని చూపు మైదానం చివరి మలుపు దాకా వెళ్ళి, అక్కడ పేర్చిన గడ్డి మోపుల మీద కాసేపు ఆగింది. "మొదట పెట్టింది నేనే అనుకోండి," అన్నాడు. "కానీ తర్వాత చాలా మార్పులు జరిగాయి. తప్పు పట్టుకున్నది మా తమ్ముడు. న్యాయంగా వాడి పేరే ఉండాలి."

ఓర్విల్ కలం లోవెల్‌కి అందించాడు. లోవెల్ తీసుకున్నాడు. గీత మీద మొన ఆనించాడు కూడా. మెర్లా అటు చూడదలచుకోలేదు. బండి చక్రం కేసి చూస్తూ, ఈ సంతకం పడితే ఈ మనిషితో ఇంటికి ఒకే పికప్పులో ఎలా వెళ్ళాలా అని ఆలోచిస్తోంది. ఆమె పట్టుదల పంచాయితీ గెలవడానికి కాదు. నాన్న కారులో ఒక్క చుట్టు, తన చేతుల్లో తను బిగించిన స్టీరింగుతో, అంతే. అది కూడా దక్కదని తేలిపోయింది.

లోవెల్ మొన పైకెత్తాడు.

"నేను కాదండీ," అన్నాడు. ఓర్విల్ కేసి తిరిగి మళ్ళీ చెప్పాడు. "నేను కాదు. తిరగబడిందని మంగళవారమే మెర్లా చెప్పింది. మేం వినలేదు. బుధవారం అదే మాట నాదని చెప్పి మా అన్నని నమ్మించాను. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగించింది తనే. నేను దీపం పట్టుకున్నాను."

పక్క బండివాడు తలుపు తెరవబోయి ఆగిపోయాడు. ఎల్డన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే మంగళవారం..." అన్నాడు మెర్లా కేసి తిరిగి.

"నాలుగుసార్లు," అంది మెర్లా.

కలం ఆమె చేతికొచ్చింది. సంతోషించాల్సిన సమయమే. కానీ ఇరవయ్యొక్కేళ్ళ కాపురం ఊరికే పోలేదు. ఈ మనిషి నిజం చెప్పాడా, సంతకం తప్పించుకున్నాడా? అన్న తప్పించుకున్నట్టే వీడూ తప్పించుకుని, దాన్ని మంచితనంలా చుట్టి ఇచ్చాడా? ముఖంలోకి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. భయానికీ పాలిపోతుంది, సిగ్గుకీ పాలిపోతుంది. చూసి చెప్పడం ఆమె వల్ల కాలేదు. పేరు మాత్రం పూర్తిగా, నాన్న ఇంటిపేరుతో సహా, గీత దాటేలా రాసింది.

అప్పటికే అలవాటుగా డ్రైవరు సీటు దగ్గరికి చేరిన ఎల్డన్ పక్కకి జరిగాడు. "తలుపు పిడి నేను పెట్టిందే, కాస్త పైకెత్తి లాగాలి," అని చెప్పాడు, అదైనా తనదని ఎవరికైనా తెలియాలన్నట్టు. మెర్లా పైకెత్తి లాగింది. తలుపు తెరుచుకుంది.

సీటు నేలకి ఆనుకుని ఉంది. అరిగిన ట్రాక్టరు చక్రం ఆమె అరచేతుల్లో సరిగ్గా ఇమిడింది. ఇంజను రాజేయగానే బండి మొత్తం వణికింది. ఓర్విల్ జెండా పట్టుకుని దారి ఖాళీ చేయిస్తున్నాడు. ఆమె పంపు పిడిని మొదటి గేరులోకి తోస్తుండగా అవతలి తలుపు కిర్రుమంది. లోవెల్ తల వంచుకుని, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని లోపలికొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు.

"దిగు," అంది మెర్లా. "మొదటి చుట్టులో పక్కన ఎవరూ కూర్చోరు."

"తెలుసు," అన్నాడు లోవెల్. దిగలేదు. చేతులు రెండూ తొడల మీద పెట్టుకున్నాడు, పట్టుకోవడానికి పిడి ఉన్నా దాన్ని పట్టుకోలేదు.

మెర్లా క్లచ్చి వదిలింది. బండి తిన్నగా, ఏ పక్కకీ లాగకుండా, బళ్ళ వరసల మధ్యనుంచి సాగింది. పొగగొట్టాల మీదుగా ఏమీ కనిపించదు, పక్కన కంచె గుంజలు వెనక్కి పోవడం మాత్రం తెలుస్తోంది. చివరి మలుపు వచ్చింది. ఎదురుగా గడ్డి మోపులు. ఆమె స్టీరింగు తిప్పింది. ముందు చక్రం ఎంత చెప్తే అంతే వంగి, బండి మలుపులో సాఫీగా తిరిగింది. మోపులు పక్కనుంచి జారిపోయాయి.

లోవెల్ తల తిప్పి మోపులకేసి చూశాడు. "ఎడమకే తిరిగింది," అన్నాడు.

"ఎవరి ఎడమ?" అంది మెర్లా.

అతను దానికి జవాబు ఆలోచించుకున్నాడు, తప్పు చెప్పకూడదన్నట్టు. "నీదే," అన్నాడు.